నిప్పు ఆలస్యమైన కారు

మార్కాపురంలో మేం కాపురమున్న గది ఒకప్పుడు ఎద్దుల కొట్టం. ఇంటి ఆసామి కారు కొన్నాక ఎద్దుల్ని పొలం దగ్గరి పాకకి తోలించి, కొట్టానికి నడిమధ్యన గోడ పెట్టించాడట. గోడకి అటువైపు కారు, ఇటువైపు మేం. ఆ గోడైనా గనిలో పనికిరాని పలక ముక్కలు పేర్చి, పైన సున్నం కొట్టినదే. అటు ఎవరైనా దగ్గితే ఇటు వినపడేది. ఎద్దుల గాడి మాత్రం మా వైపే మిగిలిపోయింది. అందులో బియ్యం డబ్బా, చింతపండు కుండ, ఉప్పు జాడీ వరసగా పెట్టుకునేదాన్ని.

మాది కొమరోలు దగ్గర ఒక పల్లె. ఐదో తరగతి దాకా చదివాను. మా ఇంట్లో పొద్దున లేస్తే వాకిట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. నా నోరు మూతపడిన పూట లేదు. "ఈ పిల్ల శెనక్కాయలు ఒలస్తా కూసుంటే శెనక్కాయలతో గూడా మాట్లాడతాది" అనేవాడు మా నాయన. అలాంటిదాన్ని తెచ్చి ఈ పెరట్లో పెట్టారు. ముందు పెద్దిల్లు, వెనక పెరడు, పెరటి మూలన మేం. పెద్దింటి ఆడవాళ్ళు పెరట్లోకి రారు. వీధిలోకి వెళ్ళాలంటే పక్క సందులోంచి చుట్టు తిరగాలి. కనీసం నీళ్ళకి వీధి బావికి వెళ్ళే పని ఉన్నా నలుగురి మొహాలు చూసేదాన్ని. పెరట్లోనే బావి ఉంది. ఎంత అదృష్టవంతురాలివే అన్నారు అందరూ. ఆ బావి దగ్గర చేద గిలకతో తప్ప నాకు మాట్లాడేవాళ్ళు లేరు.

మా ఆయన ఆసామి కారుకి డ్రైవరు. ఆసామికి పొలాలున్నాయి, పలకల గనులున్నాయి. ఆ పలకల బేరాల మీద కంభం, గిద్దలూరు, కొండల మధ్య కనుమ దాటి నంద్యాల దాకా తిరిగేవాడు. పొద్దున వెళ్ళిన కారు సాయంత్రానికి వచ్చేది. ఒక్కోసారి మర్నాటికి. వచ్చాక మా ఆయన కాళ్ళు కడుక్కుని, నేను అన్నం పెడుతుంటే ఆ రోజు సంగతులన్నీ చెప్పేవాడు. హారన్ వినపడగానే దేవుడి రథం వస్తోందనుకుని తలపాగా తీసి దండం పెట్టిన ముసలాయన, దారికి అడ్డంగా పడుకుని లేవనన్న దున్నపోతు, గిద్దలూరు హోటల్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన సాంబారు. చెప్పేటప్పుడు ఆ దున్నపోతు లాగే మొహం పెట్టేవాడు. పగలంతా నేను ఒక్కదాన్నే ఉన్నాననే సంగతి ఆ గంటసేపు గుర్తుండేది కాదు. మళ్ళీ పొద్దున కారు వెళ్ళిపోగానే గుర్తొచ్చేది.

కారు గురించి కూడా ఆయనే చెప్పాడు. ఒకరోజు ఆసామి ఊళ్ళో లేనప్పుడు నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి స్టీరింగు కింద ఉన్న రెండు చిన్న పుల్లలు చూపించాడు. కుడిది పెట్రోలుకి, ఎడమది ఇంజన్లో ఆ పెట్రోలుని అంటించే నిప్పుకి.

"ఈ నిప్పు పుల్ల పైన పెట్టినాకనే బండి ముందర హ్యాండిలు తిప్పాల. మరిచిపోయి కిందుంచి తిప్పినావనుకో, హ్యాండిలు ఎనక్కి తన్ని చెయ్యి ఇరగ్గొడతాది" అన్నాడు.

"అదేంది, దానికి అంత కోపం ఎందుకు?"

"కోపం కాదు, తొందర. లోపల పిస్టను పైకొస్తా ఉంటాది. అది పూర్తిగా రాకముందే నిప్పు పడితే నెత్తిన కొట్టినట్టయి ఎనక్కి పోతాది."

"మరి ఎప్పుడూ పైనే పెట్టుకోరాదా? ఏ గొడవా ఉండదు."

ఆయన నవ్వాడు. "మీ ఊర్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడోళ్ళు కొర్రలు దంచుతారు గదా. ఒకామె రోకలి లేస్తాంటే ఇంకొకామెది దిగాల. ముందే దిగితే ఏమయితాది?"

"రెండూ గుద్దుకుంటాయి."

"ఆలస్యమైతే?"

"ఏముంది, చేతులు నొస్తాయి, కొర్రలు నలగవు."

"అంతే. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు నిప్పు నిదానంగా పడినా సరిపోతాది. జోరందుకున్నాక నిప్పు కూడా ముందుకు జరగాల. అందుకే బండి లేచినాక పుల్ల కిందికి దించుతా. దించకపోతే మంట అంటుకునేసరికి పిస్టను కిందికి పోతా ఉంటాది. పోయేదాన్ని ఎనకనించి తోసి ఏం లాభం? ఆ మంటంతా ఉత్తపుణ్యానికి పొగగొట్టంలో పోతాది. ఇంజను కాలతాది, నీళ్ళు మసల్తాయి, పెట్రోలు తాగతాది. బండి మాత్రం లాగదు."

నాకు అది బాగా నచ్చింది. అప్పట్నించి రోజూ పొద్దున గోడకి ఇవతల కూర్చుని ఆ పుల్ల కోసం వినేదాన్ని. హ్యాండిలు తిప్పగానే ఇంజను జలుబు చేసినవాడిలా బొంగురుగా మొదలయ్యేది. కాసేపటికి ఆయన పుల్ల దించేవాడు. అప్పుడు దాని గొంతు సన్నబడి, తేటపడేది. అది విన్నాక లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేదాన్ని. వేరే పనేముంది నాకు.

ఆ ఏడు వానల్లో కనుమ మలుపులో కారు చక్రం జారింది. లోయ వైపు కొంచెం ఒరిగి ఒక బండరాయికి ఆనుకుని నిలబడిపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆసామి తల్లికి ఆ కబురు తెలిసి అన్నం మానేసింది. ఆమెను ఇంటా బయటా అందరూ అవ్వ అనేవాళ్ళు. పెద్దింటి వెనక వసారాలో ఒక మంచం మీద ఉండేది. నాకు దూరం నించి తెల్లచీర కనపడేది, అంతే.

దసరాకి కారుకి ఆయుధపూజ చేశారు. మా ఆయన పొద్దున్నే కారు కడిగాడు. బంతిపూల దండలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పైరేకు ఎత్తి ఇంజనుకి కూడా పసుపు కుంకుమ పెట్టారు. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు అవ్వ ఒక్కతే వచ్చి ఇంజన్లో ముడుపు కట్టిందని, షెడ్డు దగ్గరే ఉండి చూసిన మా ఆయన సాయంత్రం చెప్పాడు. పసుపు గుడ్డలో కాసు పెట్టి, చెన్నకేశవస్వామికి మొక్కుకుని, లోపల ఒక పైపుకీ దాని పక్కనున్న చిన్న ఇనప చెయ్యికీ కలిపి గట్టిగా ముడేసింది. మొక్కు తీరేదాకా ముడుపుని ఎవరూ విప్పకూడదు కదా. మా ఆయన రేకు దించేముందు దాన్ని వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు. అంతటితో ఆ సంగతి మరిచిపోయాం.

పండగయ్యాక మొదటిసారి నంద్యాల వెళ్ళొచ్చినప్పుడు ఆయన మొహం బాగాలేదు.

"ఏమైంది?" అన్నాను.

"కనుమ ఎక్కలేదు బండి. ఆసామి దిగి నడిచినాడు. నీళ్ళు ఉడుకుడుకు ఉడికినాయి. రెండు తావుల ఆపి వాగులో నీళ్ళు తెచ్చి పోసినా."

"ఎండ ఎక్కువేమో."

"ఎండకి పొగగొట్టం ఎర్రగా కాల్తాదా ఏందే?"

ఆ తరవాత ప్రతిసారీ అదే వరస. కారు ఈడ్చుకుంటూ పోతోంది, పెట్రోలు మాత్రం నిలవడం లేదు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవాళ్ళు. డబ్బాలు షెడ్డులో చెక్క బీరువాలో ఉండేవి, తాళంచెవి మా ఆయన దగ్గరే. అంతకుముందు ఒక డబ్బాతో పోయొచ్చిన దారికి ఇప్పుడు రెండో డబ్బా మూత తియ్యాల్సి వచ్చేది. కూపన్లు లేనివాళ్ళకి చాటుగా అమ్మితే పెట్రోలు ఎంత పలుకుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఒక పొద్దున గోడకి అవతల ఆసామి గొంతు వినపడింది.

"ఏమప్పా, ఈ బండి తాగుతాందా, ఇంకెవురన్నా తాగుతాండారా?"

"ఏందయ్యా ఆ మాట?" అన్నాడు మా ఆయన.

"ఏందంటే ఏంది? డబ్బాలకి కాళ్ళొచ్చి నడిచిపోతాండాయా? నేనేమన్నా పాలు తాగే పిల్లోణ్ణి అనుకున్నావా?"

"ఇంజన్లో ఏదో ఉందయ్యా. లాగుడు లేదు. మేస్త్రీని పిలిపించి..."

"పిలిపించు. మేస్త్రీ చూసినాక కూడా ఇట్లనే ఉంటే ఏమనుకోవాలో నాకు తెలుసు. తాళంచెవి ఇటియ్యి."

తాళంచెవి ఇచ్చిన చప్పుడు కూడా వినపడింది నాకు. చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ మాట పెరట్లో ఆగలేదు. దుకాణానికి కిరసనాయిలు కోసం వెళ్తే అంగడాయన సీసా అందుకుంటూ, "నీకు కిరసనాయిలు ఎందుకు పాపా? మీ ఇంట్లో పెట్రోలుతోనే దీపం ఎలుగుతాదంట గదా" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. నాకు నోరుంది కదా, ఏదో ఒకటి అనేదాన్నే. ఆ పూట సీసా వెనక్కి లాక్కుని వచ్చేశాను. అప్పటికి ఆ ఊళ్ళో నన్ను చూసి చిరునవ్వు నవ్వే ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. వాళ్ళు కూడా తల తిప్పుకోవడం మొదలుపెట్టారు. అయినా అదంతా నేను ఓర్చుకునేదాన్నే. ఇంట్లో ఆయన మాట్లాడటం మానేశాడు, అది ఓర్చుకోలేకపోయాను.

"ఈ పొద్దు ఎవరెవరు కనిపించినారు?" అని అడిగేదాన్ని.

"ఎవురో."

"గిద్దలూరు పోయినారా?"

"ఊ."

పప్పులో ఉప్పు వెయ్యకుండా పెట్టి చూశాను, తిడతాడేమోనని. తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఒకసారి మాత్రం, విస్తరాకు ముందు తల వంచుకుని, "ఈ మాట నా మీదినించి పోకపోతే నేను మిలిటరీలో చేర్తా. ఆడ డ్రైవర్లని తీసుకుంటాండారంట. నువ్వు మీ నాయన కాడికి పోయి ఉండు" అన్నాడు. ఆ రోజునించి నాకు ఒకటే దిగులు. దొంగ అన్న మాట పోవాలి. లేకపోతే ఈయన పోతాడు. సముద్రాలు దాటి ఏ దేశమో పోతే మళ్ళీ వస్తాడో రాడో.

మేస్త్రీ వచ్చాడు. బజార్లో నీళ్ళ పంపులు, కుట్టుమిషన్లు, కార్లు అన్నీ ఆయనే బాగుచేసేవాడు. సాయిబు. మా ఆయన ఆయన్ని మామా అనేవాడు, ఆయన మా ఆయన్ని అల్లుడా అనేవాడు. చాలాసార్లు వచ్చాడు. ప్లగ్గులు తీసి గీకాడు, పెట్రోలు పైపు ఊది చూశాడు, రేడియేటరులో పేరుకున్న సున్నం కడిగించాడు.

"నిప్పు ఆలస్యంగా పడతాందేమో చూడు మామా. లక్షణాలన్నీ అవే" అన్నాడు మా ఆయన.

"చూసినా అల్లుడా. పుల్ల పైన పెట్టి హ్యాండిలు చేత్తో తిప్పి తిప్పి చూసినా. నిప్పు పడాల్సిన కాడే పడతాంది. నా కండ్లకేం కాలేదు ఇంకా."

"మరి ఈ ముడుపు?"

"అరె, అది మీ దేవుడి సంగతి. దాన్ని నేను ముట్టుకోలే. దాని పక్కనించే చెయ్యి పోనిచ్చి పని చేసినా. గుడ్డపేలిక పెట్రోలు తాగతాదా?"

మేస్త్రీ వెళ్ళిపోయేముందు మజ్జిగ ఇవ్వడానికి నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాను. మా ఆయన చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళాడు. ఎన్నాళ్ళనించో ఎవరితోనూ మాట్లాడలేదేమో, అడక్కుండానే నా నోరు తెరుచుకుంది.

"చిన్నాయనా, ఒకటి చెప్తా, నవ్వకూడదు. ముందు ఈయన పుల్ల దించంగానే దాని గొంతు మారేది. సన్నగా అయ్యేది. దసరా పోయినకాడ్నించి పుల్ల దించినా మారడం లేదు. ఒకటే బొంగురు."

"ఏం కూతురా, నువ్వు గూడా మేస్త్రీవైనావా? నా కడుపు కొడతావా ఏంది?" అని నవ్వాడు. మజ్జిగ తాగాడు. గ్లాసు నా చేతికి ఇవ్వబోయి ఆగాడు. "పుల్ల దించినాక నేను చూడలే" అన్నాడు, నాతో కాదు, గ్లాసుతో అన్నట్టు. తరవాత పెద్దగా కేకేశాడు. "అల్లుడా! రా ఇటు! బండి లేపు!"

మా ఆయన హ్యాండిలు తిప్పి, లోపల కూర్చుని పుల్ల దించాడు. మేస్త్రీ ఇంజను మీదికి వంగి చూస్తున్నాడు. "ఇంకోసారి. పైకి. కిందికి." కాసేపటికి లేచి నిలబడి గడ్డం గోక్కున్నాడు.

"రా, నువ్వే చూడు."

నేను కూడా చూశాను. పుల్ల దించితే ఒక తీగ వచ్చి ఆ చిన్న ఇనప చెయ్యిని ముందుకు జరపాలి. అది జరిగితేనే నిప్పు ముందుగా పడుతుంది. ఆ చెయ్యి కదలాలని చూసి వణుకుతోంది, కదలడం లేదు. అవ్వ ముడుపు దాన్ని పైపుకి కట్టి పట్టుకుంది. తీగే పక్కకి వంగిపోతోంది. పుల్ల పైన ఉన్నప్పుడు అంతా సరిగ్గా ఉన్నట్టే కనపడుతుంది. అందుకే హ్యాండిలు తిప్పి చూసినప్పుడల్లా మేస్త్రీకి తప్పు దొరకలేదు.

ఇంజను ఆపేశాక ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. నూనెకి నల్లబడిన ఆ గుడ్డ ముడి బొటనవేలంత ఉంది.

"కొయ్యి మామా" అన్నాడు మా ఆయన.

"నేనా? సాయిబు పోయి స్వామి ముడుపు కోసినాడని రేపు ఊర్లో చెప్పుకుంటే? నువ్వు కొయ్యి."

మా ఆయన చెయ్యి చాచి మళ్ళీ తీసుకున్నాడు. "నేను కోస్తే, రేపు కనుమలో ఏమన్నా అయితే నా వల్లే అంటారు. ఆసామికి చెప్తే, దొంగతనం చేసి మా అమ్మ మొక్కు మీద నూకుతాండావా అంటాడు. అవ్వ చెప్పాల. అవ్వ విప్పాల."

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దింటి లోపలికి వెళ్ళగలిగేది నేనే.

మర్నాడు పొద్దున ఆసామి ప్రయాణం ఉంది. నేను తెల్లారగానే స్నానం చేసి వెనక వసారా మెట్ల దగ్గర నిలబడ్డాను. అవ్వ మంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"ఎవురే ఆడ?"

"నేనవ్వా, డ్రైవరు పెండ్లాన్ని."

"ఆడ నిలబడతావేం, రా. ఏం కావాల, పచ్చడా?"

"పచ్చడి కాదవ్వా. కార్లో నువ్వు కట్టిన ముడుపు విప్పాల."

చాట పక్కన పెట్టింది. "ఏం మాటే అది? మొక్కు తీరకుండా ముడుపు విప్పుతారా? మీ అమ్మ నేర్పలేదా నీకు?"

"నేర్పింది. అందుకే ఎవరం ముట్టుకోకుండా నీ కాడికి వచ్చినా. ఏమని మొక్కుకున్నావవ్వా?"

మొక్కు బయటికి చెప్పకూడదు కదా, అవ్వ అటూ ఇటూ చూసి నా వైపు వంగి చెప్పింది. "ఏముంది, నా కొడుకు కనుమలో నిదానంగా పోయి నిదానంగా రావాల. మళ్ళా దసరా దాకా ఆ బండి దూకుడు తగ్గాల. తగ్గింది గదా! స్వామి ఇన్నాడు నా మాట. ఇప్పుడు వాడు దిగి నడిచి ఎక్కుతాండాడంట కనుమ."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ కలిపి ఏదో చప్పుడు చేశాను.

"తగ్గిందవ్వా, శానా తగ్గింది. నువ్వు ఆ ఇనప చెయ్యికి ముడేయడంతో నిప్పు ఆలస్యంగా పడతాంది. బండి లాగలేక పెట్రోలు తాగతాంది. ఆ పెట్రోలు మా ఆయన అమ్ముకుంటాండాడని దొంగ అంటాండారు."

"ఎవురు?"

చెప్పకూడదనుకున్నాను. నా నోరు ఎప్పుడు నా మాట విన్నది కనక. "నీ కొడుకే."

అవ్వ చాట మళ్ళీ దగ్గరికి లాక్కుంది. చాటలో పప్పుని వేలితో అటూ ఇటూ జరిపింది. "నాకెవురూ చెప్పలే. ఈ ఇంట్లో నాకెవురూ ఏం చెప్పరు. అన్నం తెచ్చి పెడతారు, తిన్నావా అంటారు, పోతారు." తరవాత చెయ్యి చాచింది. "లేపు నన్ను."

అవ్వ నా భుజం పట్టుకుని పెరట్లో నడిచి వస్తుంటే ఆసామి కారు ఎక్కబోతున్నవాడు ఆగిపోయాడు. మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు.

"అమ్మా, నువ్వెందుకొచ్చినావు ఈడికి?"

"ఆ రేకు ఎత్తమను."

మా ఆయన రేకు ఎత్తాడు. అవ్వ లోపలికి వంగి ముడి పట్టుకుంది. గోళ్ళు దిగలేదు, ముడి ఊడలేదు. మేస్త్రీ చాకు తియ్యబోతే వద్దంది. "నీ గోళ్ళు గట్టిగుంటాయి, నువ్వు విప్పు. నా చెయ్యి నీ చెయ్యి మీద పెడతా. నేను విప్పినట్టే" అంది నాతో. అలాగే చేశాం. ముడి వదులయ్యేటప్పుడు పైకి చూసి, "స్వామీ, అడిగింది ఇచ్చినావు. దసరా దాకా అన్న మాట నేనే ఎనక్కి తీసుకుంటాండా. తప్పు నాది, వీళ్ళది కాదు" అంది. తరవాత కొడుకు వైపు తిరిగింది. "నేను తెలీక కట్టినా. నీ పెట్రోలు దీనివల్ల పోయింది. అడుగు మేస్త్రీని."

మేస్త్రీ చెప్పాడు. ఆ చెయ్యి ఎలా కదలాలో వేలితో చూపించాడు. మా ఆయన హ్యాండిలు తిప్పి, కూర్చుని, పుల్ల దించాడు. ఇంజను గొంతు సన్నబడింది. మేస్త్రీ నా వైపు చూసి తల ఊపాడు.

ఆసామి పెద్దగా నవ్వాడు. "అయితే పెట్రోలంతా స్వామి తాగినాడన్న మాట! మొక్కితే మొక్కినావు గానీ ఇంకోసారి కొబ్బరికాయ మొక్కుకోమ్మా, కూపన్ పెట్రోలు మొక్కుకోవాకు." అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను, దొంగ అన్న మాట పోయిందని. మా ఆయన ఒక్కడే స్టీరింగు పట్టుకుని ఆసామి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. పొరపాటు పడినా అన్న ఒక్క మాట కోసం చూస్తున్నాడు.

"తియ్ తియ్, పొద్దెక్కింది" అన్నాడు ఆసామి, ఎక్కి కూర్చుంటూ.

సాయంత్రం కారు దిగాక ఆసామి బీరువా తాళంచెవి మా ఆయన చేతికి కాకుండా ఇంజను రేకు మీద పెట్టి వెళ్ళిపోయాడట.

ఆ తరవాత కొన్నాళ్ళు నాకు బాగా గడిచింది. అవ్వ రోజూ మధ్యాహ్నం పిలిపించేది. "ఏమే, వసారాలో నేనొక్కదాన్నే ఉండా, రా" అని. తర్లుపాడులో తన చిన్నప్పటి సంగతులు చెప్పేది, మొదటిసారి రైలు చూసి గడ్డివాము వెనక దాక్కున్నదీ, పెళ్ళిలో మొగుడి మొహం చూడకుండా ముక్కు మాత్రమే చూసినదీ. నేను మా ఊరి సంగతులు చెప్పేదాన్ని. ఆమె ఒక మాటంటే నేను పది అనేదాన్ని. "నీకు ఊపిరాడతాందా మధ్యలో?" అనేది. ఆ ఊళ్ళో నాకు దొరికిన మొదటి మనిషి. అంగడాయన కూడా మళ్ళీ మామూలుగా మాట్లాడాడు. ఏమీ జరగనట్టే.

మా ఆయన మాత్రం మారలేదు. కారు కనుమ బాగా ఎక్కుతోంది, పెట్రోలు మిగులుతోంది. అయినా డబ్బా తీసినప్పుడల్లా దారిన పోయేవాడిని ఎవరినో ఒకణ్ణి పిలిచి, "అన్నా, చూడు, ఇంత పోస్తాండా" అని చూపించేవాడు. పిలిచినవాళ్ళు నవ్వి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ లేకపోతే నన్ను పిలిచేవాడు.

"ఇంగెందుకిది? ఆ మాట పోయింది గదా" అన్నాను ఒకసారి.

"పోయిందని ఎవురన్నారు?"

నేను అవ్వతో చెప్పాను, కొడుకుతో ఒక్క మాట అనిపించమని. మర్నాడు అవ్వ నా మొహం చూడకుండా, "అడిగినా. డ్రైవరుకి నేను చెప్పేదేందమ్మా, తాళంచెవి ఇచ్చినా గదా అన్నాడు" అంది.

సంక్రాంతి కూడా కాకముందే మా ఆయన నంద్యాలలో ఒక బస్సు యజమానితో మాట్లాడుకుని వచ్చాడు. "మిలిటరీ కాదులే, భయపడొద్దు. బస్సు. గదొకటి చూసినా" అన్నాడు. దసరా పోయాక ఆయన నాతో అన్ని మాటలు ఒక్కసారే అన్నది అప్పుడే. ఆయన దేశం దాటి వెళ్ళడం లేదు. నేను సంతోషించాలి. గాడిలో కుండలు ఒక్కొక్కటే బయటికి తీస్తూ అదే చెప్పుకున్నాను నాకు నేను.

వెళ్ళే రోజు అవ్వ దగ్గరికి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టాను. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"బండి బాగయింది గదే. మరి ఎందుకు పోతాండారు? మా ఇంట్లో ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"లేదవ్వా" అన్నాను. "ఎవరూ ఏమీ అనలే."

అవ్వ నా మొహంలోకి చూసింది. కొడుకు గది తలుపు వైపు ఒకసారి చూసి, నా చెయ్యి వదిలేసింది. నేను సందులోంచి వీధిలోకి వచ్చేసరికి మా ఆయన సామాను ఎద్దుల బండిలో పెట్టి, నా కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు.